చైనా గిన్నెలో నల్లి బొక్క

చైనా హీరో అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్', చొక్కా లేని బ్రూస్ లీ, గాలిలోకి లేచే కాళ్ళు... అంతే కదూ! నేను మాత్రం కాళ్ళు కదపని చైనా హీరోని ఒకణ్ణి చూశాను. ఆయన ఆడించేది చేతులే. ఫైటింగు పిండితో. టిక్కెట్టు 24 దిర్హమ్‌లు. టిక్కెట్టు కొన్నవాళ్ళకి భోజనం కూడా పెడతారు!

ఆ హాలు దుబాయిలో, దేరా ప్రాంతంలో, ఓ సన్నటి వీధిలో ఉన్న నూడుల్స్ హోటలు. పక్క సీట్లో కూర్చున్నది మా బావ. ఇంటర్వెల్ వరకు కామెడీగా నడిచిన ఆ ఆట, తర్వాత నా కళ్ళు తుడుచుకునేదాకా తెచ్చింది. ఆ కథ మీకు చెప్పాలనే ఈ వారం సినిమా కబుర్లు పక్కన పెట్టాను.

ట్రైలరు మంకమ్మతోటలో

మాది కరీంనగర్. చైనా నూడుల్స్ మాకు కొత్తా ఏమిటి! సాయంత్రం ఆరైతే చాలు... మంకమ్మతోటలో, టవర్ సర్కిల్ దగ్గర, బస్టాండు చుట్టుపక్కల బండ్లు వరసగా వెలుగుతాయి. కింద భగ్గుమనే మంట, పైన నల్లటి ఇనప కడాయి, అందులో గరిటె టంగు టంగుమని మోగుతుంటే సెకండ్ షోకి వెళ్ళేవాడు కూడా ఆగిపోవాల్సిందే. పొద్దున్నే ఉడకబెట్టి నూనె పట్టించిన నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ, సోయా సాసు, వెనిగరు, మిరప సాసు, పైన కొట్టిన రెండు గుడ్లు. రెండు నిమిషాల్లో ప్లేటు చేతిలో!

ఆ బండి మీద ఎర్రటి డ్రాగన్ బొమ్మ ఉంటుంది. బండివాడు చైనా ముఖం చూసి ఉండడు. ఆయన చేతి 'మంచూరియా' చైనాలో ఎవరికీ తెలియదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటవాడు 1975లో బొంబాయిలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా సాసు కలిపి చికెన్ మంచూరియన్ కనిపెట్టాడని చెబుతారు. అంటే అది మన దేశంలోనే షూటింగు జరుపుకున్న చైనా పాత్రన్నమాట! రుచికి వంక పెట్టను, నేనూ దాని అభిమానినే. కాని ఆ నూడుల్స్ పొట్లంలో వస్తాయి. వాటిని ఎవరో చేత్తో చేస్తారన్న ఊహే నాకు 2023 సెప్టెంబరు దాకా లేదు.

మూడు బాయిల కుటుంబం

మా ఉత్తర తెలంగాణలో ఒక మాట ఉంది. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని. వాన రాకపోతే, అప్పు తీరకపోతే, ఊళ్ళో పని దొరక్కపోతే మా వాళ్ళకున్న దారులు ఆ మూడే. మా కుటుంబం మూడింటినీ చూసింది. మా మేనత్త భర్త, అంటే మా మామ, పాత ఆదిలాబాద్ జిల్లా బెల్లంపల్లిలో బొగ్గుబాయి దిగాడు. మా చిన్నాయన బొంబాయి పక్కన భివండీలో మరమగ్గం నడిపాడు. మామ కొడుకు, మా బావ, దుబాయి వెళ్ళాడు. జిప్సం పని. పెద్ద పెద్ద హోటళ్ళ పైకప్పుల కింద తెల్లటి పువ్వులూ తీగలూ దిద్దుతాడు. జీతం నెలకు 1,400 దిర్హమ్‌లు. ఉండేది సోనాపూర్ కార్మికుల క్యాంపులో. సోనాపూర్ అంటే బంగారు ఊరని అర్థం! పేరు పెట్టినవాడికి హాస్యం ఎక్కువే.

ఒక సినిమా అవార్డుల వేడుక గురించి రాయడానికి నేను దుబాయి వెళ్ళాను. రెండు రాత్రులు లైట్లు, తారలు, ఫోటోలు, వంద రకాల వంటకాలున్న విందు! మర్నాడు ఆదివారం. బావకు సెలవు. ఫోన్ చేశాను.

"బావా, నేనున్న హోటలుకే రా. ఇక్కడే తిందాం."

"గా హోటల్ల సీలింగు నేనే చేసిన బామ్మర్దీ. పని జేసినప్పుడు సామాన్ల లిఫ్టుల పోయినం. ఇప్పుడు ముందటి దర్వాజల కెల్లి రావాల్నంటే మనసొప్పుతలేదు. నువ్వే దేరాకు రా. నేను తినవెడ్త."

పదకొండేళ్ళుగా దుబాయిలో ఉంటున్న మనిషి. ఏ హోటల్లో కూర్చుని తిన్నావు బావా అని అడిగితే కాసేపు ఆలోచించి, "కూసోనా? ఎన్నడు కూసోలే. పార్సల్ దెచ్చుకునుడే" అన్నాడు.

హాలులో లైట్లు ఆరాయి

బనియాస్ స్క్వేర్ మెట్రో స్టేషన్ దగ్గర కలుసుకున్నాం. సెప్టెంబరులో కూడా దుబాయి ఎండ రామగుండం ఎండకు అన్నయ్యే. ఆ చుట్టుపక్కల వీధుల్లో మలయాళీ హోటళ్ళు, పాకిస్తానీ హోటళ్ళు, చైనా బోర్డులు కలిసిమెలిసి ఉంటాయి. ఒక అద్దాల గది ముందు జనం గుంపుగా నిలబడి ఉంటే, షూటింగేమోనని మేమూ తలదూర్చాం. అద్దం వెనక తెల్ల టోపీ పెట్టుకున్న చైనా యువకుడు. చేతిలో పిండి ముద్ద.

బావ బయట అతికించిన ధరల కాగితం చదివాడు. గొర్రె మాంసం నూడుల్స్ 24 దిర్హమ్‌లు. నేను మనసులో లెక్క కట్టాను. అప్పట్లో ఒక దిర్హమ్ అంటే మన 22 రూపాయలపైనే. నేనున్న హోటల్లో కాఫీ కూడా అంత ఉంది కాబట్టి నాకది చవకే. బావకు మాత్రం సగం రోజు కూలి. ఇద్దరికీ కలిపితే ఒక రోజు!

"వద్దులే బావా, పక్కన పరోటా తిందాం" అన్నాను.

"ఏ, పా! బామ్మర్ది దుబాయికొస్తే పరోటా వెట్టిన్నని అవ్వకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానిస్తదా?"

లోపల పది బల్లలు. ప్లాస్టిక్ కుర్చీలు. బల్ల మీద మిరప నూనె గిన్నె, వెనిగరు సీసా. ఒక మూల నలుగురు చైనా కార్మికులు తలలు వంచి 'జుర్రు జుర్రు'మని లాగిస్తున్నారు. అక్కడ చప్పుడు చేస్తూ తినడం తప్పు కాదు. ఆ చప్పుడు విన్నాక బావ భుజాలు కాస్త దిగాయి. కుర్చీలో వెనక్కి వాలాడు.

ఫైట్ మాస్టర్ ప్రవేశం

ఇక చూడండి తమాషా! ఆ కుర్రాడు జానెడు పిండిని తాడులా చేశాడు. రెండు కొసలూ పట్టుకుని చేతులు చాచాడు. బల్ల మీద 'ఫట్' మని ఒక దెబ్బ! మధ్యలోకి మడిచాడు. ఒకటి రెండైంది. మళ్ళీ చాచాడు, మడిచాడు. నాలుగు. ఎనిమిది. పదహారు... మీలో లెక్కలు వచ్చినవాళ్ళు వేసి చూడండి, ఏడో మడతకి 128, ఎనిమిదో మడతకి 256 పోగులు! కత్తి లేదు, అచ్చు లేదు, యంత్రం లేదు. పోగులన్నీ ఒకే లావు. ఒక్కటీ తెగలేదు. అలా గాలిలో ఊపి మరిగే నీళ్ళలోకి విసిరాడు. నిమిషం గడిచీ గడవకుండానే గిన్నెలోకి తీశాడు.

దీన్ని చైనా భాషలో 'లా మియన్' అంటారు. 'లా' అంటే లాగడం, 'మియన్' అంటే పిండి, నూడుల్స్. మన 'లాగు'కీ వాళ్ళ 'లా'కీ చుట్టరికం లేదు గాని, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం భలే కుదిరింది! జపాన్ వాళ్ళ 'రామెన్' అన్న మాట కూడా దీన్నుంచే వచ్చిందంటారు. ఆ రామెన్ మీదనే జూజో ఇతామీ 1985లో 'టాంపోపో' అనే సినిమా తీశాడు. ఒక గిన్నె నూడుల్స్ బాగా చేయడం నేర్చుకోవాలనుకున్న ఆడమనిషి కథ. దొరికితే చూడండి, కాని ఆకలి మీద చూడకండి! ఇక మీ ఇంట్లో పిల్లలకు తెలిసిన 'కుంగ్‌ఫూ పాండా' (2008) ఉండనే ఉంది. అందులో పాండాను పెంచిన బాతు నాన్న నడిపేది నూడుల్స్ కొట్టే కదా!

బావ మాత్రం సినిమా మాటలు వినడం లేదు. కళ్ళార్పకుండా ఆ చేతులనే చూస్తున్నాడు.

"ఆసు వోసినట్టే లేదా బామ్మర్దీ?" అన్నాడు.

నిజమే సుమా! చీర నేసేముందు మేకుల చుట్టూ దారం తిప్పే పని అది. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశాడు. ఆయన కథే 2019లో ప్రియదర్శి హీరోగా 'మల్లేశం' సినిమాగా వచ్చింది. ఈ చైనా కుర్రాడికి రోజుకు ఎన్ని గిన్నెలో, ఎన్ని లాగుళ్ళో! అద్దం ముందు నిలబడ్డ మనకు తమాషా. సాయంత్రానికి ఆ భుజానికి?

"జిప్సం గూడ గంతే," అన్నాడు బావ మళ్ళీ. "నీళ్ళెక్కువైతే కారుతది, తక్కువైతే ఇరుగుతది. చెయ్యికే ఎరుక."

అప్పుడు చూశాను. సెలవు రోజయినా బావ గోళ్ళ సందుల్లో తెల్లటి జిప్సం. అద్దం వెనక ఆ కుర్రాడి గోళ్ళలో తెల్లటి పిండి.

ఇంటర్వెల్: కొంచెం చరిత్ర

గిన్నెలు వచ్చేలోపు ఒక ముచ్చట. ఈ పద్ధతికి పుట్టిల్లు చైనా వాయవ్యాన గాన్సూ రాష్ట్రం. దాని రాజధాని లాన్‌జౌ. మన కరీంనగర్ పక్కన మానేరు ఉన్నట్టు వాళ్ళ ఊరి నడుమ పసుపు నది పారుతుంది. ఈ వంటను పెంచి పోషించింది అక్కడి హుయి ముస్లిములు. 1915లో మా బావ్‌జీ అనే ఆయన కావడిలో గిన్నెలు మోస్తూ వీధి వీధీ తిరిగి అమ్మి దీనికి పేరు తెచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. అంటే ఇదీ మన బండి తిండిలాంటిదే! హలాల్ వంట కావడం వల్ల గల్ఫ్ దేశాల్లో సులువుగా కాలూనింది.

మంచి గిన్నెకు ఐదు గుర్తులట. రసం తేటగా ఉండాలి, ముల్లంగి ముక్కలు తెల్లగా, మిరప నూనె ఎర్రగా, కొత్తిమీర పచ్చగా, నూడుల్స్ లేత పసుపుగా! ఆ పసుపు రంగు ఎలా వస్తుంది? ఎడారి మొక్కను కాల్చి తీసిన బూడిద క్షారం వల్ల. మన ఆడవాళ్ళు అప్పడాల పిండిలో అప్పడాల ఖారం వేయరూ, అలాంటిదే. గోధుమపిండిలో సహజంగా ఒక బంక ఉంది. ఉప్పు, క్షారం, బాగా పిసకడం, తర్వాత కాసేపు మూత పెట్టి వదిలేయడం... ఇవన్నీ కలిస్తే ఆ బంక రబ్బరులా సాగుతుంది.

బియ్యప్పిండికీ, జొన్నపిండికీ ఆ బంక లేదు. అందుకే జొన్నరొట్టెను తట్టాలి గాని లాగలేం. చైనాలో లాజియా అనే చోట తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్ళనాటి నూడుల్స్ బయటపడ్డాయని 2005లో ప్రకటించారు. అవి కొర్రలు, వరిగల పిండివన్నారు. సాగని పిండిని ఆ కాలంలో ఎలా లాగారని పండితులు ఆ తర్వాత చాలా వాదించుకున్నారు. ఆ వాదన వినగానే నాకు మా అత్త గుర్తొచ్చింది. ఎందుకో చివర్లో చెబుతాను.

రెండో సగం

లాన్‌జౌ అసలు పద్ధతిలో వేసేది గొడ్డు మాంసం. మేము ముందే అడిగి, గొర్రె ఎముకలతో కాచిన రసమే తెప్పించుకున్నాం. గిన్నె కాదది, చిన్న బకెట్టు! మొదటి గుటకకి బావ ఆగిపోయాడు. ఇంకో గుటక తాగాడు. డబ్బుల దగ్గర కూర్చున్న చైనా అమ్మాయిని పిలిచి హిందీలో, "ఈ రసం దేంతో చేస్తారు?" అని అడిగాడు. ఆమెకు నాలుగు హిందీ మాటలు వచ్చు. వంటగది వైపు తిరిగి ఏదో కేక వేసింది. ఆ కుర్రాడు పెద్ద దేగిశాలో గరిటె ముంచి, అద్దంలోంచి మాకు పైకెత్తి చూపించాడు. ఇంత లావు ఎముక!

"నల్లి బొక్క," అన్నాడు బావ మెల్లగా.

మీరంతా 2023లో వచ్చిన 'బలగం' చూసే ఉంటారు. సిరిసిల్ల పక్క పల్లెల్లో తీసిన సినిమా. అందులోనూ ప్రియదర్శే. ఒక నల్లి బొక్క దగ్గర మొదలైన బావా బామ్మర్దుల కొట్లాట ఏళ్ళ తరబడి ఇంటిని రెండు ముక్కలు చేస్తుంది. మా కరీంనగర్ హాళ్ళలో జనం నవ్వుతూ కూర్చుని ఏడుస్తూ లేచారు. బావ ఆ సినిమాను క్యాంపులో, ఒకే ఫోన్ చుట్టూ ఎనిమిది మంది చేరి చూశాడట.

"ఆఖరిదాంక సూడలే. పిట్టకు వెట్టే కాడ లేసి బయటికి వోయిన," అన్నాడు.

నేను మాట్లాడలేదు. మామ పోయింది 2021 మే నెలలో. కరోనా రోజులు. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళను ఎమిరేట్స్ ఏప్రిల్ చివరి నుంచి రానివ్వడం ఆపేసింది. వస్తే తిరిగి వెళ్ళే దారి లేదు. ఉద్యోగం పోతే అప్పు ఎవరు తీర్చాలి? మామ కాడె కదిలిన దగ్గర్నుంచి చివరిదాకా నేను ఫోన్ పైకెత్తి పట్టుకుని వీడియోలో బావకు చూపించాను. పదకొండో రోజున కూడా అంతే. విస్తరాకులో మామకు ఇష్టమైనవన్నీ పెట్టాం, నల్లి బొక్కతో సహా. కాకి రావడానికి గంట పట్టింది. ఆ గంటా నా చెయ్యి లాగేసింది గాని దించలేదు. ఫోన్‌లో అటువైపు బావ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంతలో ఆ అమ్మాయి చిన్న గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో అదే ఎముక. మేమేం అడిగామని అనుకుందో ఏమో! బిల్లులో మాత్రం వేయలేదు.

బావ ఆ గిన్నెను నా ముందుకు జరిపాడు.

"నువ్వు తిను."

"మామకిష్టం గదా, నువ్వే తిను బావా."

"బాపు దినాల కాడ నా జాగల నిలవడ్డది నువ్వేగద. చెయ్యి దించకుంట గంటసేపు ఫోను వట్టినవ్. నాకన్నీ కనవడ్డయి, నీ చెయ్యి వణుకుడు గూడ."

సినిమాలో బావా బామ్మర్దులు దేనికోసం విడిపోయారో, దాన్ని మా బావ దుబాయిలో నా ముందుకు తోస్తున్నాడు! చివరికి ఆయనే ఎముకను గిన్నె అంచుకు తట్టి, జారిన మూలుగను చెంచాతో సగం నా నూడుల్స్‌లో, సగం తన నూడుల్స్‌లో వేశాడు. ఇద్దరం తలలు వంచుకుని తిన్నాం. చప్పుడు చేస్తూనే తిన్నాం. ఆ హోటల్లో ముక్కు ఎగబీల్చినా మిరప నూనె ఘాటనుకుంటారు, మంచి సదుపాయం!

బిల్లు 48 దిర్హమ్‌లు. బావే ఇచ్చాడు. నేను పర్సు తీస్తే నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

శుభం కార్డు ముందు

2024 సంక్రాంతికి బెల్లంపల్లిలో అత్త ఇంటికి వెళ్ళాను. గోదావరి దాటి మంచిర్యాల మీదుగా ప్రయాణం. వాకిట్లో తెల్లటి బట్ట పరిచి, ఇరుగు పొరుగు ఆడవాళ్ళతో అత్త సకినాలు చుడుతోంది. నానబెట్టి దంచిన బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి మెలికలు తిరుగుతూ సన్నటి తాడులా జారుతుంటే, చుట్టు మీద చుట్టు పడుతోంది. మొన్నటిదాకా నాకిది పండగ పిండివంటే. ఆ రోజు మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయాను. సాగని పిండి అది! లాగితే పుటుక్కున తెగుతుంది. దాన్ని మెలితిప్పి తాడు చేసే విద్య మా అత్త చేతిలో ఎప్పుడో ఉంది. పండితులు ఒకసారి బెల్లంపల్లి వచ్చి చూసి ఉంటే బాగుండేది!

దేరాలో తీసిన వీడియో చూపించాను. అత్త చెయ్యి ఆపి చూసింది.

"మంచిగ గుంజుతుండు పిల్లగాడు. ఏ ఊరట?"

"చైనా అత్తా. నాలుగేళ్ళయిందట ఇంటికి పోక. ఆ హోటలు అమ్మాయి చెప్పింది."

"మనోని లెక్కనే," అంది. తర్వాత అసలు ప్రశ్న. "మనోడు కడుపునిండ తిన్నడా?"

"తిన్నాడత్తా. కూర్చుని తిన్నాడు."

వెళ్ళేటప్పుడు నా చేతికి రెండు డబ్బాలిచ్చింది. జగిత్యాల నుంచి ఆ వారమే దుబాయి విమానం ఎక్కే ఒకాయనకు అందించాలి. మా వైపు నుంచి గల్ఫ్ వెళ్ళే ఏ పెట్టెలోనైనా సకినాలు ఉండి తీరతాయి లెండి, నెల రోజులైనా కరకర పోదు.

"రెండెందుకత్తా? బావకు ఒకటి చాలదా?"

"ఒకటి మనోనికి. ఇంకోటి గా పిండి గుంజే పిల్లగానికి. వాని అవ్వ గూడ ఏడనో సూస్తుంటది గద."

పదిహేను రోజులకు బావ ఫోన్ చేశాడు. డబ్బా తీసుకుని ఆదివారం దేరాకు పోయాడట. మళ్ళీ లోపల కూర్చుని, మళ్ళీ ఒక గిన్నె తిన్నాడట.

"ఇచ్చినవా బావా? ఏమన్నాడు?"

"మాటెక్కడ, వానికి మన భాష రాదు, నాకు వాని భాష రాదు. ఒక సకినం కొరికి బొటనేలు సూపెట్టిండు. ఇంకోటి లైటు కాడ వట్టుకొని తిప్పి తిప్పి సూసిండు బామ్మర్దీ! తాడు ఏడ మొదలువెట్టిన్రో వానికి సమజ్ గాలే."